నడిచొచ్చిన బస్సు

డిపోలో అందరూ అతన్ని సింహాసనం అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. ఆ పేరు పెట్టింది మాత్రం పరాయివాడు కాదు, సొంత బావమరిదే. ఇద్దరిదీ ఒకే బస్సు. ఇతను డ్రైవరు, అతను కండక్టరు. పొద్దున స్టీరింగు ముందు కూర్చున్న బావ డ్యూటీ దిగేదాకా ఆ సీటు వదలడనీ, టీ కూడా కిటికీలోంచే అందుకుంటాడనీ, చివరి స్టాపులో కాస్త ఖాళీ దొరికితే తల వెనక్కి వాల్చి గురక మొదలుపెడతాడనీ బావమరిది అభినయంతో సహా చెప్పి డిపోని నవ్వించేవాడు.

ఈ సంగతి డ్రైవరుకు తెలియకపోలేదు. తెలిసినా కోపం రాలేదు. పైగా లోలోపల కాస్త గర్వం కూడా. ఊరికి ఈ చివర కొండవాలున్న పేటలో బయల్దేరి, ఆ చివర డిపో దాకా వెళ్ళే రూటు అతనిది. ఆ దారిలో ప్రతి గుంతా, ప్రతి మలుపూ అతనికి కంఠస్థం. ఊరంతా తనే తిప్పుతున్నానని అతని నమ్మకం.

ఇంట్లో అతని భార్యది ఇంకో రకం ఉద్యోగం. ఆమె ఉత్తరాలు పంచేది. పేటలో చిన్నా పెద్దా ఆమెను పోస్టమ్మ అని పిలిచేవారు. భుజాన సంచీ తగిలించుకుని, బస్సు దూరలేని సందులూ, సైకిలు ఎక్కలేని మెట్ల దారులూ రోజూ కాలినడకన చుట్టి వచ్చేది. సాయంత్రం ఆమె గుమ్మంలో కూర్చుని పాదాలు నొక్కుకుంటుంటే అతను వాలుకుర్చీలోంచి హాస్యమాడేవాడు.

"పొద్దుట్నించీ తిరిగీ తిరిగీ నువ్వెళ్ళిన దూరం మా బస్సుకి నాలుగు స్టాపులు కూడా ఉండదే."

"ఆ దూరం బస్సు తిరిగిందండీ, మీరు కాదు. మిమ్మల్నది మోసుకు తిరిగింది," అనేదామె, తలెత్తకుండానే.

అలా సాగిపోతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం అతను బస్సును డిపోలో నిలిపి, ఇంజను ఆపి, వెనకాల కొక్కేనికి తగిలించిన టిఫిను డబ్బా కోసం ఒళ్ళు తిప్పాడు. తిప్పినవాడు తిప్పినట్టే కొయ్యబారిపోయాడు. నడుములో ఎవరో సలాక గుచ్చినట్టయింది.

బావమరిది కిందనుంచి చూసి, "ఏంటి బావా, దిగవా? దిగాలంటే మెట్లుంటాయి, కుడివైపు," అన్నాడు.

బావ మొహాన చెమటలు చూశాక గానీ అతనికి అది వేళాకోళం కాదని అర్థం కాలేదు. మెకానిక్కులు పరుగెత్తుకొచ్చారు. చంకల కింద చేతులు వేసి లేపబోతే అతను పెట్టిన కేకకు షెడ్డు మీది పావురాలు లేచిపోయాయి. ఇక లాభం లేదని ఫోర్‌మన్ స్పానరు తెప్పించి, సీటు కింది బోల్టులు విప్పించాడు. సీటుతో సహా అతన్ని కిందికి దింపి, సీటుతో సహా ఎత్తుకుని, డిపో మధ్యలోంచి అంబులెన్సు దాకా మోసుకెళ్ళారు. నవ్వకూడదని ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నడిచారు గానీ, ఎవరో కిసుక్కుమన్నారు. ఆ చిన్న నవ్వు నడుము నొప్పికంటే లోతుగా దిగింది అతనికి.

ఆసుపత్రిలో డాక్టరు ఎముకలు విరగలేదన్నాడు. కండరాలు పట్టేశాయనీ, నాలుగు రోజులు విశ్రాంతి తీసుకుని, తర్వాత మెల్లగా లేచి తిరగమనీ చెప్పాడు. ఇతని చెవికి విశ్రాంతి అన్న మాటొక్కటే ఎక్కింది.

మంచాన్ని ముందుగదిలోకి, కిటికీ పక్కకు జరిపించుకున్నాడు. ఫ్యాను స్విచ్చు అందడానికి చీపురు కర్ర, టీవీ రిమోటు, మంచినీళ్ళ చెంబు, అన్నీ చేతికందేంత దూరంలో. చూడవచ్చిన చుట్టాలు ఒక్కొక్కరూ తమకు తెలిసిన నడుము కథ ఒకటి చెప్పి వెళ్ళేవారు. ఫలానా పెద్దనాన్న ఇలాగే పడుకుని మళ్ళీ లేవలేదట. ఫలానా పిన్నిగారి మరిది వంగి చెప్పు తీయబోయి అలాగే ఉండిపోయాడట. వారాలు గడిచేసరికి నొప్పి చాలావరకు పోయింది. కానీ దాని చోట్లో భయం వచ్చి కూర్చుంది. పక్కకి ఒత్తిగిలాలన్నా ముందు ఊపిరి బిగబట్టేవాడు. గ్లాసు కిందపడితే దానివంక చూస్తూ ఉండిపోయేవాడు తప్ప వంగేవాడు కాదు.

"కాస్త లేచి అటూ ఇటూ నడవండి," అనేది పోస్టమ్మ.

"నీకేం తెలుసు? పట్టుకుంటే?"

"పట్టుకున్నప్పుడు చూద్దాం."

"అప్పుడు చూడ్డానికి నేనుండాలిగా!"

ఆమె మాట పొడిగించేది కాదు. సంచీ తగిలించుకుని వెళ్ళిపోయేది.

సెలవు అయిపోవచ్చింది. డిపో మేనేజరు కబురు చేశాడు. మంచివాడే. డ్రైవింగు వద్దులే, ప్రయాణికులు బస్సుల్లో మర్చిపోయిన సామాన్ల గది ఒకటుంది, అక్కడ కూర్చో అన్నాడు. కుర్చీ, బల్ల, ఫ్యాను. తోటివాళ్ళంతా, "అదృష్టమంటే నీదయ్యా!" అన్నారు. బావమరిది కూడా, "ఇంక రిటైరయ్యేదాకా కాలు మీద కాలేసుకుని కూర్చో బావా," అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. అందుకే అది ఇంకా బాధ పెట్టింది.

ఆ గది డిపో ఆఫీసు మేడ మీద ఉంది. కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ ఎక్కేవాడు. గోడల వెంట ఇనుప అరల్లో గొడుగులు, టిఫిను డబ్బాలు, జత లేని చెప్పులు, తీగ తెగిన గిటారు, ఎవరివో కట్టుడు పళ్ళు. అన్నీ ఎవరైనా వచ్చి తీసుకెళ్తారా అని చూస్తున్నట్టుండేవి. వాటి మధ్య అతను. కిటికీ కింద గేటు. పొద్దున తన బస్సు బయటికి వెళ్ళే చప్పుడు వినగానే పోల్చుకునేవాడు. కొత్త డ్రైవరు క్లచ్చి పూర్తిగా తొక్కకుండానే గేరు మార్చేవాడు. గేరుబాక్సు మూలిగినప్పుడల్లా ఇతని పళ్ళు జివ్వుమనేవి. "తొక్కరా, పూర్తిగా తొక్కు!" అని కుర్చీలోనే ఎడమకాలు నేలకేసి నొక్కేవాడు.

ఆ అరల్లో ఒక జత చంకకర్రలు ఉండేవి. గొడుగు మర్చిపోయారంటే అర్థముంది. చంకకర్రలు ఎలా మర్చిపోతారు? వాటితో ఎక్కినవాళ్ళు అవి లేకుండా ఎలా దిగారు? రోజూ వాటివంక చూసి ఆశ్చర్యపోయేవాడు.

ఒకరోజు మెట్ల మీద ఎవరో ఎక్కి వస్తున్న చప్పుడైంది. గుమ్మంలో ఒక ముసలావిడ. వాళ్ళమ్మ బతికుంటే ఆ వయసు ఉండేది. కాసేపు ఆయాసం తీర్చుకుని, "బాబూ, ఇక్కడ కర్రలేమన్నా ఉన్నాయా? చంకలో పెట్టుకునేవి," అంది.

"ఉన్నాయమ్మా, మీవేనా? ఇదిగో, తీసుకెళ్ళండి."

"అయ్యో, తీసుకెళ్ళడానిక్కాదు బాబూ. మా కోడలు బస్సువాళ్ళకి చెప్పి రమ్మంది, వాటిని అవసరమున్నవాళ్ళెవరికైనా ఇచ్చెయ్యమని. మళ్ళీ వాటిని మోసుకుంటూ మెట్లు దిగమంటావా ఏంటి?"

"మరి మీరెలా నడుస్తున్నారు?"

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "కాళ్ళతో," అంది.

అని వచ్చినంత నెమ్మదిగానే తిరిగింది. పెద్దావిడను మెట్ల దాకా సాగనంపడం మర్యాద. డ్రైవరు లేవబోయాడు. రెండు చేతులూ బల్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి, సగం లేచి, భయమేసి మళ్ళీ కూలబడ్డాడు. అప్పటికి ఆవిడ చేతికర్రయినా లేకుండా మెట్లు దిగిపోయింది. ఆమె చెప్పుల టపటపలు కింద వరండాలో వినిపించాయి. అవి వినిపించడం మానేసినా అతను గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాడు. తన మీద తనకే రోత పుట్టింది.

ఆ సాయంత్రం పోస్టమ్మ గుమ్మంలో పాదాలు నొక్కుకుంటుంటే అన్నాడు: "రేపట్నించి నేనూ వస్తాను."

"ఎక్కడికి?"

"నీ వెనకాల."

ఆమె ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, "ముందు ఆసుపత్రికి పదండి. తర్వాత నా వెనకాల," అంది. కళ్ళలో నీళ్ళు కనబడకుండా లోపలికెళ్ళిపోయింది.

పేట ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించేది ఒక చిన్నపిల్లలాంటి అమ్మాయి. మొదట అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, "చేతులు ఆనించకుండా లేవండి బాబాయ్ గారూ," అంది. అతను నవ్వి, లేవబోయాడు. లేవలేకపోయాడు. మళ్ళీ ప్రయత్నించాడు. తొడలు వణికాయి తప్ప పిరుదులు కుర్చీని వదల్లేదు. అతని నవ్వు మొహం మీదే ఆరిపోయింది. ఇంతకాలం ఒక బస్సు జనాన్ని మోశానని చెప్పుకున్న మనిషి తన ఒక్క ఒంటిని కుర్చీలోంచి లేపుకోలేకపోయాడు.

"మీ ఎముకలు బాగానే ఉన్నాయి. వాటిని పట్టుకుని నిలబెట్టాల్సిన కండలే ఉద్యోగం మానేశాయి," అందా అమ్మాయి. "వాటిని మళ్ళీ డ్యూటీ ఎక్కిద్దాం. మొదట్లో గొణుగుతాయి. గొణగనివ్వండి. సలాక గుచ్చినట్టుంటే ఆపండి, బద్ధకంగా లాగుతుంటే ఆపకండి. ఆ తేడా మీకే తెలుస్తుంది."

గోడకు వీపు ఆనించి సగం కూర్చోవడం, వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం, వెన్ను వంచకుండా తుంటి దగ్గర వంగి నేల మీది వస్తువు తీయడం నేర్పింది. ఇంట్లో అతను వంటగది గోడకు ఆని వణుకుతూ ఉంటే, పోస్టమ్మ కూరలు తరుగుతూ, "గోడ పడిపోతుందని పట్టుకున్నారా?" అనేది.

డిపోలో డ్యూటీ మధ్యాహ్నానికి మార్పించుకున్నాడు. మొదటి రోజు పొద్దున ఆమె వెంట లాండ్రీ కొట్టు దాకా వెళ్ళి దాని అరుగు మీద కూలబడ్డాడు. అది వీధి మలుపు కూడా కాదు. "ఇక్కడే ఉండండి, వచ్చేటప్పుడు కలుపుకుపోతా," అని ఆమె మరో ఉత్తరాల కట్ట చేతిలోకి తీసుకుని సాగిపోయింది. లాండ్రీ ఆయన చొక్కా మడతపెడుతూ, "మిమ్మల్ని ఎప్పుడూ బస్సు కిటికీలోంచి చూడ్డమే. ఇంత పొడుగనుకోలేదు," అన్నాడు.

తర్వాత మందుల షాపు. తర్వాత నీలం గేటు ఇల్లు, అక్కడి కుక్క అతన్ని చూసి మొరగడం మానేసేదాకా. రోజుకింత చొప్పున ఆమె దారి అతని దారైంది. తనకు కంఠస్థం అనుకున్న ఊళ్ళో బస్సు అద్దంలోంచి ఎన్నడూ కనబడని ఊరొకటుందని అతనికి తెలిసొచ్చింది. సందుల్లో కుట్టుమిషన్ల చప్పుళ్ళు, వంటల వాసనలు, పేరుతో పలకరించే మనుషులు. సాయంత్రానికి పిక్కలు రాళ్ళయ్యేవి. కానీ నిద్ర మాత్రం, ఏళ్ళ తరబడి ఎరగని నిద్ర పట్టేది.

అంతా సాఫీగా సాగలేదు. మెట్ల దారి సగంలో ఒకరోజు నడుము మళ్ళీ పట్టేసింది. పాత సలాకే. గోడ పట్టుకుని, కళ్ళు మూసుకుని, "అయిపోయింది, నే చెప్పలా?" అన్నాడు.

పోస్టమ్మ నాలుగు మెట్ల పైన ఉంది. కిందికి దిగి వచ్చింది గానీ చెయ్యి అందించలేదు.

"ఊపిరి బిగబట్టారు. వదలండి."

"నువ్వు పట్టుకోవే!"

"పట్టుకుంటే రేపు కూడా నేనే పట్టుకోవాలి. వదలండి ఊపిరి. ఆ. ఇప్పుడు ఎడమ పాదం కొంచెం. కొంచెమే. భుజాలు దించండి."

ఎంతసేపు అలా నిలబడ్డారో. కింద ఎవరో బకెట్టు నింపుకుని వెళ్ళారు. మెల్లగా పట్టు సడలింది. ఒక మెట్టు. ఇంకొకటి. పైకి చేరాక అతను వెనక్కి తిరిగి ఆ మెట్లన్నీ చూసుకున్నాడు. పట్టుకుంటే ఏమవుతుందోనని ఇన్నాళ్ళూ వణికాడు. పట్టుకుంది. వదిలింది. అంతే కదా అనుకున్నాడు. ఆ రోజునుంచి ఆ భయానికి కోరలు లేవు.

చెట్లు ఆకులు రాల్చి మళ్ళీ చిగురు తొడిగేసరికి అతను ఆమె సంచీలో సగం బరువు మోస్తూ మెట్ల దారంతా మాట్లాడుతూ ఎక్కగలిగాడు. అప్పుడు వెళ్ళి మేనేజరు ముందు నిలబడ్డాడు.

"నాకు మళ్ళీ బండి ఇవ్వండి సార్."

మేనేజరు కళ్ళు తేలేశాడు. "హాయిగా కూర్చున్నావు కదయ్యా! ఇంకేం కావాలి?"

"అదే సార్, హాయిగా కూర్చోలేకపోతున్నా."

మేనేజరు కాసేపు పెన్ను తిప్పాడు. "సరే. పెద్ద డాక్టరుగారు వచ్చే సోమవారం మన డిపోకే వస్తున్నారు. ఆయన సరే అంటే బండి నీది. ఆ రోజు తప్పిందా, ఇక ఆ గదే నీకు ఖాయం. నీ రూటు కొత్తవాడికి రాసిచ్చేస్తాను. తర్వాత నా చేతుల్లో ఉండదు."

ఆదివారం మధ్యాహ్నం మొదలైన గాలివాన ఊరిని ఊపేసింది. సోమవారం తెల్లవారేసరికి వాన ఆగింది. కరెంటు లేదు. ఫోన్లు పనిచేయడం లేదు. వీధి నిండా కొమ్మలు, రేకులు, ఎవరిదో నీళ్ళ టాంకు మూత.

బావమరిది యూనిఫారంలో, మోకాళ్ళదాకా బురదతో వచ్చాడు. "బావా, బస్సులు రావు. వంతెన దగ్గర చెట్టు అడ్డంగా పడిందట. అటు ఒక్క బండి కూడా కదల్లేదు."

డ్రైవరు ఇస్త్రీ చేసిన యూనిఫారం తొడుక్కుని సిద్ధంగా ఉన్నాడు. తనకు తెలియకుండానే కుర్చీ వైపు చూశాడు. "అయితే... డాక్టరు కూడా రాడేమో."

"నిన్న పొద్దున్నే వచ్చి డిపో గెస్టుహౌసులో దిగాడు బావా. నేనే చూశా."

పోస్టమ్మ అప్పటికే సంచీ తగిలించుకుంది. వాన వచ్చినా వరద వచ్చినా ఆమె ఉత్తరాలు ఆమెకుండేవి. మంచినీళ్ళ సీసా తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"డిపో దాకానా? నడిచా?" అన్నాడతను.

"దారి తెలీదా మీకు?" అంది ఆమె. అని చెప్పులు తొడుక్కుని, కొండవైపు వెళ్ళిపోయింది.

బావా బావమరుదులు బయల్దేరారు. మొదటి స్టాపులో షెల్టరు కింద అప్పుడే పదిమంది దాకా పోగయ్యారు. రాత్రి డ్యూటీ వాళ్ళను విడిపించాల్సిన నర్సు, చేతిలో జవాబు పత్రాల సంచీతో లెక్కల మాస్టారు, బేకరీలో పనిచేసే అన్నదమ్ములు. యూనిఫారాలు కనబడగానే అందరి ప్రాణాలూ లేచొచ్చాయి.

"హమ్మయ్య, డ్రైవరుగారొచ్చారు! బస్సేదండీ?"

"రాదండీ. దారి మూసుకుపోయింది."

"మరి మీరు?"

"నేను నడిచి పోతున్నాను."

ఆ మాట అన్నాక డ్రైవరు ఆగాడు. వాళ్ళ మొహాలవంక చూశాడు. ఏళ్ళ తరబడి అద్దంలో చూసిన మొహాలే. "నా రూటు నాకు తెలుసు," అన్నాడు మెల్లగా. "వస్తే అందరం కలిసి పోదాం. బురద ఎక్కడుంటుందో, ఎక్కడ పక్కకి తిరగాలో నేను చూసుకుంటా."

అంతలో బావమరిది జేబులోంచి విజిలు తీసి, గొంతెత్తాడు. "వాటరు టాంకు, హైస్కూలు, పెద్దాసుపత్రి, మార్కెట్టు, డిపో! ఎక్కండి ఎక్కండి!"

"ఏం ఎక్కమంటావయ్యా?" అంది నర్సు.

"మా బావ వెనకాల ఎక్కండమ్మా. సీట్లన్నీ ఖాళీయే!"

"టికెట్టు?"

"ఇవాళ కాళ్ళున్నవాళ్ళందరికీ పాసే."

నవ్వులతో జనం కదిలారు. డ్రైవరు ముందు, బావమరిది వెనక. వాటరు టాంకు దగ్గర మరికొందరు కలిశారు. అక్కడ రోడ్డు కుంగిన చోట నీళ్ళు నిలుస్తాయని డ్రైవరుకు తెలుసు. చెయ్యెత్తి, అందరినీ ఎడమ గట్టు మీదికి మళ్ళించాడు. వెనక పెద్దవాళ్ళున్నారేమోనని మాటిమాటికీ తిరిగి చూసి వేగం తగ్గించాడు. హైస్కూలు స్టాపులో మాస్టారు దిగాలి. ఆయన గేటు వంక చూసి, తాళం వేసి ఉండటం గమనించి, "ఇంకో రెండు స్టాపులు వస్తాను. ఇంత బాగుంటుందనుకోలేదు," అన్నాడు.

నర్సు పనిచేసే పెద్దాసుపత్రి వంతెనకు అవతల ఉంది. చెట్టు వంతెన మొదట్లోనే అడ్డంగా పడి ఉంది. మాను మనిషి ఛాతీ ఎత్తు. ఇవతల మోటారు సైకిళ్ళవాళ్ళు, పాలవాళ్ళు, అందరూ నిలబడి దాన్నే చూస్తున్నారు. మునిసిపాలిటీ వాళ్ళు వస్తారని ఒకరు, రారని ఒకరు.

డ్రైవరు మాను మీద చెయ్యి వేసి చూశాడు. తడిగా, జారుడుగా ఉంది. కొమ్మ విరిగిన చోట పాదం ఆనించి, తొడల్లో బలం కూడగట్టుకుని, ఒక్క ఊపున పైకి లేచాడు. నడుము గుర్తు చేసింది, నేనున్నానని. ఊపిరి వదిలాడు. తుంటి దగ్గర వంగి, చెయ్యి చాచి, "రండమ్మా," అన్నాడు నర్సుతో.

"నేను బరువండీ!"

"మా బస్సు మిమ్మల్ని రోజూ మోస్తోంది. నేను ఒక్కసారి మోయలేనా?"

ఆమె వచ్చింది. తర్వాత ఇంకొకరు. తర్వాత పాలవాళ్ళ క్యాన్లు. వంగడం, లేపడం, ముందే అవతలికి దూకిన బావమరిదికి అందించడం. వాళ్ళందరూ దాటాక అతను చెట్టు మీద నిటారుగా నిలబడ్డాడు. గాలి చల్లగా తగిలింది. కింద కాలువ ఉరకలు వేస్తోంది. ఏదో అరవాలనిపించింది అతనికి. వయసు గుర్తొచ్చి ఆగాడు. మళ్ళీ ఏమనుకున్నాడో, అరిచేశాడు. "పోనీయ్!"

అవతలి గట్టునుంచి అందరూ ఒక్కసారి కేకలేశారు.

వంతెన తర్వాత మార్కెట్టు మెట్ట. నిండు బస్సు రెండో గేరులో రొప్పుకుంటూ ఎక్కే మెట్ట అది. సగం ఎక్కేసరికి అందరి మాటలూ ఆగిపోయాయి. అంతలో వెనకనుంచి ఇంజను మూలుగు వినబడింది. అందరూ తిరిగి చూశారు. లెక్కల మాస్టారు. పెదాలు బిగించి, గంభీరంగా, "గుర్ర్ర్..." అంటున్నాడు. బేకరీ అన్నదమ్ములు అందుకున్నారు. మెట్ట పైకి చేరేసరికి గుంపంతా ఒకే ఇంజనులా మోగింది. దుకాణాల వాళ్ళు తలుపులు తెరిచి ముక్కున వేలేసుకున్నారు.

డిపోలో బస్సులు బారులు తీరి నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు మెట్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. గేటు దగ్గర మేనేజరూ పెద్ద డాక్టరూ టీ తాగుతున్నారు. "ఎలా వస్తాడు సార్, బస్సులే లేవు," అంటున్నాడు మేనేజరు. అప్పుడే విజిలు వినపడింది. మలుపు తిరిగి జనం వస్తున్నారు. బురద కాళ్ళతో, చెమట మొహాలతో, నవ్వుతూ. ముందు అతను.

మేనేజరు టీ ఒలకబోసుకున్నాడు. "ఎక్కణ్ణుంచి వస్తున్నావయ్యా?"

"చివరి స్టాపునించి సార్. కొంచెం ఆలస్యమైంది. మధ్యలో చాలామంది ఎక్కారు."

పెద్ద డాక్టరు నవ్వలేదు. "నడిచి వచ్చావు, సంతోషం. పరీక్ష పరీక్షే," అన్నాడు. క్యాబిను ఎక్కి దిగమన్నాడు, మళ్ళీ మళ్ళీ. క్లచ్చి అడుగంటా తొక్కించాడు. వంగి టైరు బోల్టులు తట్టి చూడమన్నాడు. రెండు భుజాల మీదుగా వెనక్కి చూడమన్నాడు. చివరికి ఒక కుర్చీ తెప్పించి, కూర్చోబెట్టి, "చేతులు ఆనించకుండా లే," అన్నాడు.

డిపో అంతా మెడలు చాచి చూస్తోంది. అతను చేతులు ఛాతీ మీద కట్టుకుని లేచాడు. కూర్చుని మళ్ళీ లేచాడు. ఇంకోసారి కూర్చోబోతుంటే డాక్టరు భుజం పట్టుకుని ఆపాడు.

"చాలయ్యా బాబూ. ఈయన్ని సామాన్ల గదిలో పెట్టిందెవరు?"

చప్పట్లతో షెడ్డు మారుమోగింది. బావమరిది బావను వాటేసుకుని ఏడ్చాడు, నవ్వాడు, మళ్ళీ ఏడ్చాడు. ఫోర్‌మన్ వచ్చి చెయ్యి కలిపాడు. మేనేజరు, "రేపట్నించి నీ బండి నీదే. ఇవాళ ఎలాగూ బస్సులు కదలవు, విశ్రాంతి తీసుకో," అన్నాడు.

డ్రైవరు మెట్ల మీద కూర్చున్న తోటివాళ్ళవంక, బారులు తీరిన బస్సులవంక చూశాడు. "ఎందుకు కదలవు సార్? అడ్డం ఉన్నది ఒక్క చెట్టు. వర్క్‌షాపులో రంపాలున్నాయి, తాళ్ళున్నాయి. ఇక్కడ ఇంతమందిమి ఉన్నాం."

"అది మునిసిపాలిటీ పని కదయ్యా."

"వాళ్ళకి ఊరంతా పని సార్. ఈ ఒక్కటి మనం చేద్దాం." అని తోటివాళ్ళ వైపు తిరిగి, "లేవండ్రా!" అన్నాడు.

ఫోర్‌మన్ ముందు లేచాడు. తర్వాత మెకానిక్కులు. డ్రైవర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, నడుములు నొక్కుకుంటూ, మూలుగుతూ లేచారు. మేనేజరు కూడా చొక్కా చేతులు మడిచాడు. వంతెన దగ్గర రంపాలు ఆడాయి. కొమ్మలు మోశారు. మాను ముక్కలకు తాళ్ళు కట్టి, బావమరిది విజిలు వేసినప్పుడల్లా అందరూ ఒక్క లాగు లాగారు. మోటారు సైకిళ్ళవాళ్ళు, పొద్దుట్నించీ నిలబడి చూస్తున్నవాళ్ళు, వాళ్ళు కూడా వచ్చి తాడు పట్టుకున్నారు. చివరి దుంగ పక్కకి దొర్లినప్పుడు అందరూ ఒకరి మీద ఒకరు పడిపోయి, లేవడం మర్చిపోయి నవ్వారు.

సాయంత్రపు ఎండలో మొదటి బస్సు డిపో గేటు దాటింది. రేపటిదాకా ఎందుకని మేనేజరే తాళం చేతికివ్వగా, స్టీరింగు ముందు అతనే. మెట్ట దిగుతుంటే రోడ్డు వాలు ఇప్పుడు పిక్కల్లో తెలిసింది అతనికి. వంతెన మీదికి వచ్చేసరికి రెండు పక్కలా మనుషులు తాళ్ళు చుట్టుకుంటూ చేతులూపారు. కోసిన చెక్క పచ్చివాసన కిటికీలోంచి క్యాబిను నిండా కమ్ముకుంది. రంపం పట్టిన అరచేతులు బొబ్బలెక్కి చుర్రుమంటున్నాయి. ఆ మంటకు అతనికి పాడాలన్నంత సంతోషంగా ఉంది. క్లచ్చి పూర్తిగా తొక్కి, గేరు మార్చి, వంతెన పొడుగునా హారను మోగించుకుంటూ అవతలి ఒడ్డుకు దూసుకుపోయాడు.